నిలకడ నేర్పు వ్యాయామము: తాయ్‌చీ

చైనా దేశమున తెల్లవారుజామున ఉద్యానవనములకు పోయినవారికి ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. అరువది, డెబ్బది యేండ్లు దాటిన స్త్రీపురుషులు బారులు తీరి నిలిచి, తొందర యేమియు లేక, నీటిలో కదల్చుచున్నట్లు చేతులను గాలిలో కదల్చుచు, ఒక్కొక్క యడుగే మెల్లగా వేయుచుందురు. చూచువారికి అది నాట్యమువలె తోచును. కాని నాట్యము కాదు. ధ్యానమువలె తోచును, కాని కూర్చుండి కన్నులు మూసికొనుట లేదు. అది తాయ్‌చీ అను వ్యాయామము. పుట్టుకచేత అది యుద్ధవిద్య. నేటి వాడుకచేత ఆరోగ్యసాధన.

దీనిని గూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చుచుండును. ఇది సర్వరోగములను పోగొట్టునని కొందరందురు. నెమ్మదిగా చేతులూపినంతమాత్రమున లాభమేమని మరికొందరందురు. ఈ రెండు మాటలును సరియైనవి కావు. గడచిన ముప్పదియేండ్లలో వైద్యశాస్త్రజ్ఞులు ఈ వ్యాయామమును అనేక పర్యాయములు పరీక్షకు పెట్టిరి. ఆ పరీక్షలలో మిక్కిలి గట్టిగా నిలిచిన ప్రయోజనము ఒకటి కలదు: వృద్ధులు తూలి పడిపోకుండ ఇది కాపాడును. ఆ ఒక్క సంగతిని ప్రధానముగా గైకొని, తక్కినవానిని దానికి అనుబంధముగా ఈ పాఠమున వివరింపబూనితిని.

పాఠశాల పత్రికలో ఈ విషయమేల?

పిల్లల చదువును గూర్చి వ్రాయవలసిన ప్రధానోపాధ్యాయుడు వృద్ధుల వ్యాయామమును గూర్చి వ్రాయుటేల అని తల్లిదండ్రులకు తోపవచ్చును. కారణము మన హాజరుపట్టీలోనే కలదు. పిల్లలు రోజుల తరబడి బడికి రానప్పుడు తెచ్చు సెలవు చీటీలలో జ్వరము, పెండ్లి, ఊరిప్రయాణము అను కారణములతోబాటు తరచుగా కనబడు మాట మరియొకటి ఉన్నది: "అవ్వ పడిపోయినది." అవ్వ స్నానపు గదిలో జారిపడును, లేదా రాత్రివేళ గడప తగిలి పడును. తుంటి యెముక విరుగును. తండ్రి మరమగ్గము పని మానజాలడు. తల్లి చుట్టవలసిన బీడీల లెక్క తప్పరాదు. అప్పుడు అవ్వకు నీళ్లిచ్చుటకు, పక్క సరిచేయుటకు ఇంట నిలిచిపోవునది ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆడపిల్లయే. నెలదినములు తప్పిన గణితమును ఆమె మరల అందుకొనుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలియును.

రెండవ కారణము మన భాషకు సంబంధించినది. షోలాపురమువంటి పట్టణమున మన పిల్లలు వీధిలో మరాఠీ విందురు. సినిమాలలోను, బజారులోను హిందీ విందురు. పాఠశాలలో తెలుగు వినునది దినమునకు కొన్ని గంటలు మాత్రమే. తక్కిన వేళలలో వారి చెవిని తెలుగు వేయువారెవరు? కథ చెప్పు నాయనమ్మ, సామెత విసరు అమ్మమ్మ, వావివరుసలు నేర్పు తాత. వీరు మన పాఠశాలకు జీతము లేని ఉపాధ్యాయులు. అట్టివారు మంచము పట్టినచో ఇంటిలోని తెలుగుకూడ వారితోబాటు మూలబడును. కావున పెద్దల కాళ్లలో సత్తువ నిలుపుట పాఠశాలకు సంబంధము లేని పని కాదని నా యభిప్రాయము.

పేరు, దాని యర్థము

తాయ్‌చీ అనునది సంక్షిప్త నామము. పూర్తి పేరు తాయ్‌చీ చువాన్. చువాన్ అనగా పిడికిలి. పిడికిలితో పోరాడు విద్య అని తాత్పర్యము. తాయ్‌చీ అనగా అన్నింటికిని మీదిదైన పరమావధి. ఇచ్చటి "చీ" అను మాటను ప్రాణశక్తి యను నర్థముగల మరియొక "చీ"తో పలువురు కలగలుపుచుందురు. మన చెవికి ఒక్కటిగా వినబడినను చైనా లిపిలో ఆ రెండును వేర్వేరు అక్షరములు, వేర్వేరు మాటలు.

ఆ పరమావధినుండి యిన్, యాంగ్ అను రెండు తత్త్వములు వెలువడినవని చైనా తత్త్వవేత్తల భావన. మొదట యిన్ అనగా కొండకు నీడపట్టు వైపు. యాంగ్ అనగా ఎండపడు వైపు. కొండ యొక్కటియే. ప్రొద్దు తిరిగిన కొలది నీడయున్న చోటికి ఎండ వచ్చును, ఎండయున్న చోటికి నీడ వచ్చును. ఈ భావమునే తాయ్‌చీ సాధకులు కాళ్లకు అన్వయించిరి. బరువు మోయుచున్న కాలిని వారు "నిండు" కాలందురు. బరువు లేని కాలిని "ఖాళీ" కాలందురు. నిండు కాలు మెల్లగా ఖాళీ యగును, ఖాళీ కాలు మెల్లగా నిండును. నిండుకుండ తొణకదని మనవారు చెప్పుదురు. బరువంతయు ఒక కాలిలోనికి పూర్తిగా దించి నిలువనేర్చిన మనుష్యుడును అట్లే తొణకడు. ఈ వ్యాయామమునకు ఇదియే కీలకము.

పుట్టుపూర్వోత్తరములు

వుదాంగ్ పర్వతముపై నివసించిన చాంగ్ సాన్‌ఫెంగ్ అను తావో మత సాధువు ఈ విద్యను సృష్టించెనని చైనాలో ఒక కథ వ్యాపించియున్నది. పక్షియు సర్పమును పోరాడుచుండగా చూచి ఆయన దీనిని కనిపెట్టెనందురు. ఇది కథయే కాని చరిత్ర కాదు. చరిత్రకందిన మేరకు ఈ విద్యకు పుట్టినిల్లు హెనాన్ రాష్ట్రమున వెన్ మండలములోని చెన్ వారి గ్రామము. 17వ శతాబ్దిలో ఆ గ్రామమునకు చెందిన చెన్ వాంగ్‌టింగ్ అను యోధుడు దీనికి రూపము కల్పించెనని పండితులు పలువురు అంగీకరింతురు.

కాంచీపురమునుండి పోయిన బోధిధర్ముడే చైనావారికి ఇట్టి విద్యలన్నియు నేర్పెనని మన దేశమున, ముఖ్యముగా తమిళనాట, తరచుగా వినబడును. షావోలిన్ మఠపు పోరువిద్యను ఆ మహనీయునితో ముడిపెట్టు జనశ్రుతి చైనాలోను కలదు. కాని తాయ్‌చీ ఆయనవలన కలిగినదనుటకు చారిత్రకాధారము లేదు. పరాయివారి మంచి విద్యను పరాయివారిదిగానే గౌరవించి నేర్చుకొనుట మనకు చిన్నతనము కాదు.

చాలకాలము ఈ విద్య చెన్ వంశీయులలోనే ఉండెను. 19వ శతాబ్దిలో యాంగ్ లూచాన్ (1799–1872) అను నాతడు ఆ గ్రామమున చెన్ చాంగ్‌షింగ్ వద్ద దీనిని అభ్యసించి, పిదప బీజింగు నగరమునకు పోయి నేర్పెను. అతని మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) దుముకుటలు, హఠాత్తుగా కొట్టు దెబ్బలు తీసివేసి, మొదటినుండి తుదివరకు ఒకే వేగమున, నిదానముగా చేయునట్లు దీనిని తీర్చిదిద్దెను. యుద్ధవిద్య ఆరోగ్యవిద్యగా మారిన మలుపు ఇదియే. నేడు చెన్, యాంగ్, వూ, హావ్, సున్ అను ఐదు ప్రధాన సంప్రదాయములు కలవు. వీనిలో యాంగ్ సంప్రదాయము ఎక్కువ మందికి తెలిసినది.

పాత పద్ధతిలో నూరింటికి పైబడిన కదలికలుండెడివి. అవి నేర్చుకొనుటకు సంవత్సరములు పట్టును. 1956వ సంవత్సరమున చైనా ప్రభుత్వ క్రీడాశాఖ యాంగ్ సంప్రదాయము ననుసరించి 24 కదలికలతో సులభమైన క్రమమొకటి కూర్పించెను. దానిని ఒకమారు చేయుటకు ఐదారు నిమిషములు చాలును. సామాన్య ప్రజలలో తాయ్‌చీ ఇంతగా వ్యాపించుటకు ఈ చిన్న క్రమము ముఖ్య కారణము. 2020వ సంవత్సరమున యునెస్కో సంస్థ తాయ్‌చీని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. మన యోగవిద్య 2016లోనే ఆ పట్టికలో చేరినది.

సాధన తీరు

కదలికల పేర్లు వినుటకు ఇంపుగా నుండును. తెల్లకొంగ రెక్కలు విప్పుట, అడవిగుర్రపు జూలు పాయదీయుట, మేఘములవలె చేతులు తిప్పుట, పిచ్చుక తోకను పట్టుట, కోడిపుంజు ఒంటికాలిపై నిలుచుట మొదలగునవి వానిలో కొన్ని. పేర్లు వేరైనను అన్నింటియందును కొన్ని నియమములు సమానము.

మొదటిది, నడుము నిటారుగా నుండవలెను. తల పైనుండి దారముతో వ్రేలాడదీసినట్లు తేలికగా నుండవలెను. రెండవది, భుజములు బిగబట్టక సడలింపవలెను. మూడవది, మోకాళ్లు కొంచెము వంచి యుంచవలెను. నాలుగవది, అడుగు వేయునప్పుడు ఖాళీ కాలి మడమ ముందుగా నేలను తాకవలెను. నేల సరిగా నున్నదని తెలిసిన పిమ్మటనే బరువు దానిపైకి పంపవలెను. పిల్లి యడుగు వేయు తీరును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఐదవది, చేయి ఒక్కటే కదలరాదు. కాలినుండి నడుమునకు, నడుమునుండి చేతికి కదలిక ప్రవహింపవలెను. ఆరవది, శ్వాస బలవంతముగా బిగబట్టక సహజముగా సాగవలెను. ఏడవది, మనస్సు చేయుచున్న పనిమీదనే యుండవలెను.

నెమ్మదిగా చేయుట సులభమని తోచును. చేసి చూచినచో కాదని తెలియును. వేగముగా నడచునప్పుడు మన మొక కాలిపై నిలుచు క్షణము ఇట్టే గడచిపోవును. ఆ క్షణమునే నాలుగు రెట్లు సాగదీసినచో తొడలు వణకును, పాదము అటునిటు వెదకికొనును. ఆ వెదకులాటయే శిక్షణము.

మనుష్యుడు పడకుండ నిలుచుట యెట్లు?

రెండు కాళ్లపై నిలుచుట మనకు అలవాటైనది గావున అదియొక విద్యయని తోచదు. నిజమునకు దేహము ప్రతిక్షణమును మూడు చోట్లనుండి వార్తలు తెప్పించుకొనుచుండును. కన్ను చుట్టునున్న వస్తువుల నిలువును చూపును. లోచెవిలోని సూక్ష్మావయవము తల యెటు వంగినదో తెలుపును. అరికాలి చర్మము, కీళ్లు, కండరములు నేల యెట్లున్నదో, బరువు ఎచ్చట నున్నదో తెలుపును. మెదడు ఈ మూడు వార్తలను సరిచూచుకొని కాళ్లకు ఆజ్ఞ ఇచ్చును. కాళ్లు ఆ యాజ్ఞను వెంటనే నెరవేర్చవలెను.

వార్ధక్యమున ఈ ఏర్పాటు నలుదెసల సడలును. కంటికి పొర కమ్మును. లోచెవి మందగించును. చక్కెరవ్యాధి చిరకాలమున్న వారికి అరికాలి స్పర్శ తగ్గును. తొడల కండలు కరుగును. ఆజ్ఞ వచ్చినను కాలు ఆలస్యముగా లేచును. గడప తగిలినప్పుడు పడుచువాడు రెండవ యడుగు వేసి నిలద్రొక్కుకొనును; ముసలివాడు ఆ రెండవ యడుగు వేయులోగానే నేలబడును.

దీనికి తోడు భయమొకటి కలదు. ఒకమారు పడినవారు మరల పడుదుమేమోయని నడక తగ్గింతురు. నడక తగ్గినకొద్ది కాళ్లు బలహీనమగును. కాళ్లు బలహీనమైనకొద్ది పడుట యెక్కువగును. మన యిండ్లలో పెద్దలమీది ప్రేమచేతనే "నీవు కదలకుము, కూర్చుండుము" అని వారిని మూలకు చేర్చుదుము. ఆ ప్రేమ వారికి మేలు చేయుట లేదు. పగ్గములు పట్టి, మగ్గముముందు నిలిచి, నలుబదియేండ్లు శ్రమించిన కాళ్లు కుర్చీలో నున్నంతనే బాగుపడవు. తగిన పని చెప్పినచో బాగుపడును.

తాయ్‌చీ ఈ సడలిన ఏర్పాటునకు అన్ని వైపులనుండియు మరమ్మతు చేయును. వంచిన మోకాళ్లతో నిలుచుటవలన తొడలకు బలము కలుగును. బరువును ఒక కాలినుండి మరియొక కాలికి మార్చుటవలన అరికాలి యెరుక పదునెక్కును. తలయు మొండెమును తిరుగుచుండగా నిలువ నేర్చుటవలన కన్నును లోచెవియు కలిసి పనిచేయుట నేర్చును. వెనుకకు, ప్రక్కకు అడుగు వేయు కదలికలవలన, ఇంటిలో సాధారణముగా పడు తీరులకే దేహము ముందుగా సిద్ధపడును. అన్నిటికంటె ముఖ్యముగా భయము తగ్గును.

పరీక్షలు తెల్పిన సంగతి

వైద్యశాస్త్రమున ఒక సాధన మంచిదా కాదా యని తెలిసికొనుటకు ఒక పద్ధతి కలదు. సమానస్థితిలో నున్న మనుష్యులను చీట్లు వేసినట్లు గుంపులుగా విడదీసి, ఒక గుంపునకు ఆ సాధన నేర్పి, మరియొక గుంపునకు వేరొకటి యిచ్చి, కొంతకాలము పిదప ఫలితములు పోల్చి చూతురు. తాయ్‌చీ విషయమున ఇట్టి పరీక్షలు పెక్కులు జరిగినవి.

అమెరికాలోని అట్లాంటా నగరమున 70 ఏండ్లు నిండిన 200 మందిపై జరిగిన పరీక్షాఫలితము 1996లో వెలువడినది. 15 వారములు తాయ్‌చీ అభ్యసించినవారిలో మరల మరల పడిపోవు ప్రమాదము నూటికి 47.5 వంతులు తగ్గినది. 2005లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో 70 మొదలు 92 ఏండ్ల వయస్సుగల 256 మంది పాల్గొనిరి. వారికి వారమునకు మూడు పర్యాయములు, ఆరు నెలలు శిక్షణము జరిగెను. ఆ కాలమున తాయ్‌చీ గుంపులో 38 పడిపాటులు, ఒళ్లు సాగదీయు వ్యాయామము చేసిన గుంపులో 73 పడిపాటులు లెక్కకు వచ్చినవి. 2018లో ప్రకటించిన ఇంకను పెద్ద పరీక్షలో, పడిపోవు ప్రమాదమధికముగా నున్న 670 మంది వృద్ధులను చేర్చుకొనిరి. ఒళ్లు సాగదీయు వ్యాయామముతో పోల్చగా తాయ్‌చీవలన పడిపాటులు నూటికి 58 వంతులు తగ్గినవి. పలురకముల వ్యాయామములు కలిపి చేయించిన గుంపుతో పోల్చినను నూటికి 31 వంతులు తక్కువయే.

ఒక్కొక్క పరీక్షను మాత్రమే చూచి సంబరపడరాదు. అన్నింటిని ప్రోగుచేసి తూచి చూచు కాక్రేన్ అను సంస్థ 2019లో వ్యాయామములను గూర్చిన 108 పరీక్షలను పరిశీలించెను. తాయ్‌చీ చేసినవారిలో, పడినవారి సంఖ్య సుమారు నూటికి 20 వంతులు తగ్గినదని తేల్చెను. వెనుకటి అంకెలకంటె ఇది చిన్నది. కాని ఎక్కువ నమ్మదగినది. అయిదుగురు పడవలసినచోట నలుగురే పడుదురన్నమాట. ఒక మందు లేక, ఒక పరికరము లేక ఇంత మేలు కలుగుట తక్కువ సంగతి కాదు. పడుటవలన లోకమున ప్రతి సంవత్సరము సుమారు 6,84,000 మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెల్పెను. వారిలో అరువది దాటినవారే యెక్కువ.

ఇతర ప్రయోజనములు

పార్కిన్సన్ వ్యాధియను వణుకుడు జబ్బుగల 195 మందిపై జరిగిన పరీక్ష 2012లో వెలువడినది. ఆరునెలల అభ్యాసమువలన వారి నిలకడ మెరుగుపడెను. జబ్బు పోలేదు, కాని జబ్బుతో నడచుట సులభమయ్యెను.

మోకాలి కీళ్లు అరిగి నొప్పిపడుచున్న 204 మందిపై జరిగిన పరీక్ష 2016లో వెలువడినది. 12 వారముల తాయ్‌చీ, వైద్యశాలలో చేయించు కీళ్ల వ్యాయామ చికిత్సతో సమానముగా నొప్పి తగ్గించెను. మోకాళ్లనొప్పి పెద్దలలో సర్వసామాన్యము గావున ఈ ఫలితము గమనింపదగినది.

రక్తపు పోటు హెచ్చుటకు ప్రారంభదశలో నున్న 342 మందిపై బీజింగు నగరమున ఒక సంవత్సరము పరీక్ష జరిపి 2024లో ప్రకటించిరి. వడిగా నడచుట, మెట్లెక్కుట వంటి వ్యాయామము చేసినవారికి పై పోటు సుమారు 4.6 పాళ్లు తగ్గగా, తాయ్‌చీ చేసినవారికి సుమారు 7 పాళ్లు తగ్గెను. ఇవి వృద్ధులకేగాక నడివయస్సున నున్న తల్లిదండ్రులకును పనికివచ్చు సంగతులు.

తాయ్‌చీ చేయజాలని పనులు

గుణము చెప్పినవాడు పరిమితియు చెప్పవలెను. తాయ్‌చీ చక్కెరవ్యాధిని, గుండెజబ్బును నయము చేయు మందు కాదు. వైద్యుడిచ్చిన మాత్రలు మాని దీనిని పట్టుట ప్రమాదము. పరుగు, ఆటలు పిల్లలకిచ్చు గట్టి శ్రమ దీనివలన కలుగదు. పిల్లలు దినమునకు ఒక గంటయైన ఒడలలయునట్లు ఆడవలెననియే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కావున ఆటస్థలమునకు బదులుగా దీనిని పిల్లలకు చూపరాదు.

ఫలితము వెంటనే కానరాదు. పైన చెప్పిన పరీక్షలన్నియు మూడు మాసములు మొదలు సంవత్సరము వరకు, వారమునకు రెండు మొదలు నాలుగు పర్యాయములు చేసినవారి ఫలితములు. పండుగనాడు చేసి మరునాడు మానినచో ప్రయోజనము లేదు.

ఇటీవల ఎముక విరిగినవారు, శస్త్రచికిత్స జరిగినవారు, లేచినంతనే కన్నులు తిరుగువారు, గుండెనొప్పిగలవారు వైద్యుని అడిగియే ప్రారంభింపవలెను. మోకాలు మరీ లోతుగా వంచరాదు. మోకాలు పాదపు వ్రేళ్లు చూచు దిక్కుననే వంగవలెను, లోపలికి మెలిపడరాదు. నొప్పి పుట్టినచో ఆపవలెను.

ఇంటిలో ప్రారంభింపదగిన అభ్యాసము

పూర్తి క్రమము గురుముఖమున నేర్వవలసినది. పెద్ద నగరములలో నేర్పువారున్నారు. అట్టి అవకాశము లేనివారు దీనిలోని మూల సూత్రమగు బరువు మార్పును మాత్రము ఇంట అభ్యసింపవచ్చును. ఈ క్రింది మూడింటిని తాయ్‌చీయని చెప్పజాలను. దాని వాకిలియని చెప్పుదును. పొడి నేలపై, చెప్పులు జారని చోట, చీరకుచ్చెళ్లు, పంచెయంచు కాలికి తగులకుండ ఎత్తి కట్టుకొని చేయవలెను. ప్రక్క నొకరు నిలిచియుండవలెను.

మొదటిది. గోడకు లేదా గట్టి కిటికీ కమ్ములకు ఎదురుగా, చేయి అందునంత దూరమున నిలువవలెను. పాదముల నడుమ భుజముల వెడల్పు ఎడముండవలెను. మోకాళ్లు కొంచెము సడలించి, బరువును మెల్లగా కుడికాలిలోనికి దింపవలెను. ఎడమపాదము నేలను తాకియే యుండును; దానిలో బరువుండదు. మూడు శ్వాసలు నిలిచి, అట్లే ఎడమకాలిలోనికి దింపవలెను. ఇట్లు పది పర్యాయములు.

రెండవది. గోడ ప్రక్కగా నిలిచి, ఒక చేయి గోడకానించి, ఖాళీ కాలిని చిన్న యడుగుగా ముందుకు చాచి, మడమ మాత్రము నేలకు తాకింపవలెను. దానిని తూలకుండ వెనుకకు తీసికొనగలిగినచో అడుగు సరిగా నున్నట్లు; తీసికొనలేనిచో అడుగు పెద్దదైనట్లు. పిదప మడమనుండి వ్రేళ్లవరకు పాదమును మెల్లగా దించి బరువును ముందుకు పంపవలెను. ఒక్కొక్క కాలితో ఐదు పర్యాయములు.

మూడవది. నిలువలేనివారు చేతులులేని గట్టి కుర్చీపై నిటారుగా కూర్చుండి, ఒక అరచేతిని ముఖమునకెదురుగా ఎత్తి, నడుముతోబాటు మెల్లగా ప్రక్కకు త్రిప్పుచు, చూపు ఆ చేతివెంట పోవునట్లు చేయవలెను. మరల రెండవ చేతితో రెండవ ప్రక్కకు. మేఘములవలె చేతులు తిప్పుటకు ఇది తొలిమెట్టు.

అన్నియు కలిపి పది నిమిషములు చాలును. దీనితోబాటు స్నానపు గదిలో నేల పాకుడు పట్టకుండ చూచుట, రాత్రివేళ దారిలో చిన్న దీపముంచుట, నడుచుచోట వస్తువులు పెట్టకుండుట కూడ అవసరము. వ్యాయామము కాలిని సరిచేయును. ఇంటిని మనము సరిచేయవలెను.

తల్లిదండ్రులకు విజ్ఞప్తి

ఈ వ్యాసము చదివిన తల్లిదండ్రులను నేను కోరునది ఒక్కటి. పెద్దలు ఈ అభ్యాసము చేయునప్పుడు ప్రక్కన నిలుచు పనిని పిల్లలకు అప్పగింపుడు. అవ్వ బరువు మార్చుచుండగా మనుమరాలు ఒకటి, రెండు, మూడు అని తెలుగున లెక్కింపవలెను. మన పిల్లలలో పలువురు ఇరువది దాటిన అంకెలను తెలుగున చెప్పలేకపోవుచున్నారని తరగతి గదులలో చూచుచున్నాము. ఆ పది నిమిషములలో అవ్వ కాలికి నిలకడయు, పిల్ల నాలుకకు తెలుగును కలుగును. అవ్వ విశ్రాంతి తీసికొనునప్పుడు ఒక కథ చెప్పకమానదు.

పడిన పిదప చేయు చికిత్సకు ధనము కావలెను, మాసములు కావలెను, ఇంటిలో నొకరి చదువో పనియో బలి కావలెను. పడకముందు చేయు సాధనకు పది నిమిషములును, ఒక గోడయు, తోడు నిలుచు చిన్న చేయియు చాలును. రాబోవు సంవత్సరమున మన సెలవు చీటీలలో "అవ్వ పడిపోయినది" అను మాట తక్కువగా కనబడినచో, ఈ పాఠము సార్థకమైనదని భావింతును.